ఎంగిలికి ఇంగ్లీషులో మాట లేదు

ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకు సాయంత్రం వేళ ఫిఖహ్ బోధిస్తున్నాము. తహారత్ ప్రకరణంలో ‘సూర్’ అనే మాట వచ్చింది. ఒక ప్రాణి తాగగా పాత్రలో మిగిలిన నీరు అని దాని అర్థం. పిల్లల ఇంగ్లీషు పుస్తకంలో దానికి ‘లెఫ్టోవర్’ అని ఉంది. “అంటే ఫ్రిజ్‌లో పెట్టిన నిన్నటి కూరా, మౌల్వీసాబ్?” అని ఒక బాలుడు అడిగాడు. తప్పు అతనిది కాదు. నోరు తగిలి మిగిలినదానికి ఆ భాషలో ప్రత్యేకంగా ఒక మాట లేదు. మేము “ఎంగిలి” అన్నాము, మరొక బాలుడు “జూఠా” అన్నాడు. తరగతి మొత్తానికీ అర్థమయింది.

చిక్కు కూడా అక్కడే మొదలయింది. ఎంగిలి అనగానే ముఖం చిట్లించడం, తాగినవారెవరని ఆరా తీయడం మన సమాజంలో అలవాటు. సూర్ అనే మాటలో ఆ ఈసడింపు లేదు. హనఫీ ఫిఖహ్ ప్రకారం కుక్క ఎంగిలి అశుద్ధం, పిల్లి ఎంగిలికి సడలింపు ఉంది. మనిషి ఎంగిలి మాత్రం పరిశుద్ధమే, నోటికి మద్యమో రక్తమో అంటి ఉంటే తప్ప. ఆ మనిషి ముస్లిమైనా, కాకపోయినా, బహిష్టులో ఉన్న స్త్రీ అయినా సరే. హజ్రత్ ఆయిషా (రజి) ఋతుకాలంలో నీళ్లు తాగి పాత్ర అందిస్తే, ఆమె పెదవులు ఆనిన చోటనే దైవప్రవక్త (స) తమ పెదవులు ఆన్చి తాగేవారని సహీహ్ ముస్లింలో ఉంది.

పాఠమైతే చెప్పాము గాని, ఇల్లు చేరాక సిగ్గుపడ్డాము. మా ఇంట్లో పని చేసే ఆమెకు టీ ఇచ్చే గ్లాసు వేరుగా, కిటికీ అంచున బోర్లించి ఉంటుంది. ఆ రాత్రి దానిని తెచ్చి మా గ్లాసుల వరుసలో ఉంచాము. తెల్లవారి చూస్తే మళ్లీ కిటికీలోనే ఉంది. దాని గురించి మా శ్రీమతితో చర్చ ఇంకా సాగుతూనే ఉంది.