కొబ్బరిపై సర్పిలాకార తెల్లదోమ

కొబ్బరిచెట్ల నీడన పెంచిన అరటి, కోకో, కంద మొక్కల ఆకులు ఒక్కొక్కప్పుడు మసి చల్లినట్లు నల్లబడుతవి. వ్రేలితో గీస్తే ఆ నలుపు పొరగా ఊడివస్తుంది. క్రింద ఆకు పచ్చగానే ఉంటుంది. అరటికి తెగులు తగిలిందనుకొని దానికి మందు కొట్టినందువల్ల ప్రయోజనం లేదు. తల పైకెత్తి కొబ్బరిమట్టల అడుగుభాగం చూడాలి.

అక్కడ తెల్లని మైనపు పొడితో, చుట్లు చుట్లుగా ముగ్గు వేసినట్లు గీతలుంటవి. తెల్లదోమ తన గ్రుడ్లను ఈ చుట్లలోనే పెడుతుంది. పేరు దోమయే గాని, కుట్టే దోమలతో దీనికి చుట్టరికం లేదు. పేనుబంక, పిండినల్లి దీని బంధువులు. పెరిగిన పురుగు సుమారు 2.5 మిల్లీమీటర్ల పొడవుంటుంది. ప్రత్తిపై, వంగపై కన్పించే మామూలు తెల్లదోమకు ఇది దాదాపు మూడింతలు. రెక్కలపై లేత గోధుమరంగు పట్టీలుంటవి, కదలిక మందం.

గ్రుడ్డునుండి వెలువడిన పిల్ల కొద్దిదూరం ప్రాకి, అనువైనచోట ముట్టెను ఆకులో గ్రుచ్చి అక్కడే స్థిరపడుతుంది. ఆకురసంలో చక్కెర హెచ్చు, మాంసకృత్తులకు కావలసిన పదార్థం తక్కువ. అందుచేత అది అవసరానికి మించి రసం త్రాగి, మిగిలిన చక్కెరను జిగురు బిందువులుగా విసర్జిస్తుంది. అవి క్రింది ఆకులపై రాలగా, వాటిమీద నల్లని బూజు పెరుగుతుంది. ఈ బూజు ఆకును తినదు. ఎండను మాత్రం అడ్డగిస్తుంది. ఎండ తగలని ఆకు ఆహారం తయారుచేయలేదు.

శాస్త్రజ్ఞులు ఈ పురుగును 2004లో, మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో కొబ్బరిపై దొరికిన నమూనాలనుబట్టి వర్ణించారు. 2009లో అది ఫ్లారిడాలో బయటపడింది. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి, కేరళలోని పాలక్కాడు ప్రాంతాలలోను, తరువాత గోదావరి జిల్లాలలోను కన్పించింది. ఇంత మందకొడి పురుగు తన రెక్కలతోనే ఇంతదూరం వచ్చిందనుకోనక్కరలేదు. ఆకులున్న మొక్కలు ఎక్కడికి పోతే దాని గ్రుడ్లు, పిల్లలు అక్కడికి పోతవి. తెగులున్న తోటనుండి నారు తేరాదనడం ఇందుకే.

పురుగును చూడగానే విషపు మందు చల్లాలనిపించడం సహజం. కాని చెట్టు ఎత్తు, పురుగుండేది ఆకు అడుగున, పైగా ఒంటినిండ మైనం. మందు దానికి తగిలేదెంత? అది నిశ్చయంగా చంపేది మరొకదానిని. ఎన్కార్సియా గ్వాడలూపే అనే సన్నని కందిరీగ, మిల్లీమీటరుకు మించనిది, తెల్లదోమ పిల్లల శరీరాలలో గ్రుడ్లు పెడుతుంది. దాని పిల్ల తెల్లదోమను లోపలనుండి తినివేస్తుంది. ఈ కందిరీగను ఎవరూ పనిగట్టుకొని తేలేదు. ఇంతకుముందే మనదేశానికి వచ్చిన మరొక తెల్లదోమ వెంట వచ్చి ఇక్కడ స్థిరపడింది. 1980 దశకం మధ్యలో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తిచేలలో పైరిత్రాయిడ్ మందులు పదేపదే కొట్టగా తెల్లదోమ తగ్గకపోగా విజృంభించింది. ఆ అనుభవం ఖరీదైనది.

కాబట్టి మందు కొనేముందు ఒక ఆకురెబ్బను కోసి భూతద్దంతో చూడడం మంచిది. తెల్లదోమ బయటికి వచ్చిన పొర వీపున చీలి ఉంటుంది. కందిరీగ వచ్చిన పొరకు గుండ్రని రంధ్రం ఉంటుంది. నల్లబడిన పొరలు, గుండ్రని రంధ్రాలు చాలా కన్పిస్తే తోటను కందిరీగకు వదలవచ్చును. అవి కన్పించకపోతే, కందిరీగలున్న తోటనుండి నల్లని పొరలుగల రెబ్బలు తెచ్చి మట్టలకు కట్టాలి.

ఈలోగా లేతచెట్లపై ఆకుల అడుగుకు తగిలేటట్లు నీటిని వేగంగా చిమ్మితే చాలా పురుగు రాలిపోతుంది. ఆముదం పూసిన పసుపుపచ్చ అట్టలకు పెద్దపురుగులు అంటుకుంటవి. తీవ్రత ఎక్కువైతే వేపనూనె చల్లవచ్చును. పురుగుకు జబ్బు కలిగించే ఐజేరియా అనే శిలీంధ్రాన్ని కూడ వాడుతున్నారు. నల్లబూజుకు నూటికి 1 వంతు పిండి కలిపిన గంజి చాలు. అది ఎండి పెచ్చులుగా రాలునపుడు బూజును కూడ తీసుకొనిపోతుంది. మంచి వాన కురిసినా అంతే.

పురుగుపట్టిన మట్టలను నరికి కాల్చడం కొందరికి అలవాటు. ఆ మంటలో తెల్లదోమతోపాటు, దాని పొరలలో ఇంకా బయటికి రాని కందిరీగలు కూడ కాలిపోతవి.