జాయిన్ టుగెదర్: పునరుక్తియా? పొందికయా?

ఆంగ్లభాషలో ‘జాయిన్ టుగెదర్’ అను పలుకుబడి కలదు. ‘జాయిన్’ అనగా కలుపుట. ‘టుగెదర్’ అనగా ఒక్కటిగా. కలిపిన పిమ్మట ఒక్కటిగాక వేఱుగా నుండునా? కావున రెండవ మాట పునరుక్తి యని వాడుకను దిద్దు పెద్దలు కొందఱందురు. విద్యార్థి వ్రాసినచో ఉపాధ్యాయుని ఎఱ్ఱసిరా దానిపై పడును.

ఆ తీర్పు తుదితీర్పు కాజాలదు. ‘జాయిన్’ ఒంటిగా నున్నప్పుడు తఱచుగా ఒకవైపు కదలికయే స్ఫురించును. ఒకడు సైన్యమున చేరును. సైన్యము వచ్చి వానిలో చేరదు. ‘టుగెదర్’ తోడైనచో రెండును సమానముగా ఒకదానికొకటి చేరిన వను భావము బలపడును. 1611 నాటి ఆంగ్ల బైబిలున, మత్తయి సువార్త 19వ అధ్యాయములో, దేవుడు దంపతులను జతపఱచుటను గూర్చి చెప్పు చోట ఈ జంటపదమే కనబడును. 1662 నాటి ఆంగ్ల ప్రార్థనా గ్రంథమందలి వివాహవిధిలోను అదియే నిలిచినది. మూలమందలి గ్రీకు క్రియకు ‘ఒకే కాడికి పూన్చుట’ యని అక్షరార్థము. దాని ఉపసర్గకే ‘కూడ’ అని యర్థము. అనువాదకులు ఆ ఉపసర్గను జాఱవిడువలేదు. ‘జాయిన్’ సైతము లాటిను నుండి వచ్చిన ఆ కాడి కుటుంబపు మాటయే. సంస్కృతమందలి ‘యోగము’, ‘యుగళము’ దానికి దూరపు చుట్టములు.

పునరుక్తి యనగానే దోషమని తొందరపడు తెలుగువాడు తన యింటి నొకమాఱు చూచుకొనవలెను. ‘కట్టకడ’, ‘నట్టనడుమ’, ‘పట్టపగలు’ అనునవి ఒకే మాట రెండుమార్లు వచ్చి కలిసినవే. చిన్నయసూరి బాలవ్యాకరణమున వీనికి సూత్రము చెప్పెనే గాని దోషమని త్రోసివేయలేదు. పట్టపగలు దొంగతనము జరిగిన దన్నప్పుడు వినువాని గుండెకు తగులునది ఆ ‘పట్ట’యే.

అయినను ఆంగ్లపు ముడిని తెలుగున అట్లే దించుట వేఱు సంగతి. తెలుగున ప్రతి కలయికకును తగిన క్రియ కలదు. పూలను గ్రుచ్చుదుము, త్రాటిని పేనుదుము, ఎడ్లను బండికి పూన్చుదుము, విఱిగినదానిని అతుకుదుము, చేతులు జోడింతుము. ఎట్లు కలిసినదో క్రియయే చెప్పుచుండగా ‘ఒకటిగా కలిపి అతికిరి’ అని వ్రాయుట వాక్యమునకు బరువే.

కావున మాటను కొట్టివేయుటకు ముందు, అది లేనిచో ఏమి తగ్గునో చూడవలెను. పలకకు పలక అతుకు వాక్యమున ఏమియు తగ్గదు. వివాహవిధిలోని వాక్యమున తగ్గును.