మరమ్మతు మొదలయ్యేది గోతి అడుగున

బాంబు పడిన రన్‌వేకు మరమ్మతంటే గోతిలో కాంక్రీటు పోసి చదును చేయడమే అనుకుంటాం. నిజానికి ఆ పనిలో కాంక్రీటు వంతు చివరిది. మరమ్మతు నిలుస్తుందా కుంగుతుందా అన్నది అడుగు మట్టే తేలుస్తుంది. రన్‌వేలను పగలగొట్టడానికే ఫ్రాన్స్ తయారుచేసిన డ్యూరాండల్ బాంబును చూడండి. విమానం వదలగానే పారాషూట్ విచ్చుకుని దాని వేగం తగ్గిస్తుంది, ముక్కు నేలవైపు తిరుగుతుంది, అప్పుడు రాకెట్ మోటారు అంటుకుని దాన్ని కాంక్రీటులోకి దూరుస్తుంది. పేలుడు జరిగేది పలక కింద. ఆ వాయువులు చుట్టుపక్కల పలకలను కింది నుంచి ఎత్తి విరగ్గొడతాయి. అందుకే కనిపించే గొయ్యి కన్నా దెబ్బతిన్న మేర ఎక్కువ. ఒక్కోసారి పైన చిన్న రంధ్రమే ఉంటుంది, లోపలంతా బోలు. అన్నిటికంటే ప్రమాదం అదే, దాన్ని చూసి ఎవరూ జాగ్రత్తపడరు కనుక. పేలని బాంబులు తొలగించాక, లేచిన పలకలను గట్టి నేల తగిలేదాకా కోసి తీయడంతోనే అసలు పని మొదలవుతుంది.

ఈ మరమ్మతు చరిత్రలో తొలి గొప్ప సాధనం 1941లో అమెరికాలోని నార్త్ కరోలినాలో, మార్స్టన్ అనే ఊరి దగ్గర పరీక్షించిన చిల్లుల ఇనుప పలక. పది అడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు, 66 పౌన్ల బరువు. కొక్కేలతో ఒకదానికొకటి తగిలిస్తే మట్టి మీదే రన్‌వే సిద్ధం. అయితే నేల మెత్తబడితే పలకలు వంగేవి, చిల్లుల్లోంచి బురద పైకి వచ్చేది. తర్వాత అల్యూమినియం పలకలు, ఫైబర్‌గ్లాస్ పరుపులు వచ్చాయి. పరుపు పని జెట్ ఇంజిన్లోకి రాళ్లు ఎగరకుండా ఆపడం. బరువు మోసేది మాత్రం కింది కంకరే. ఇప్పుడు రెండు మూడు గంటల్లో గట్టిపడే సిమెంట్లు ఉన్నాయి కదా, ఇంకా మట్టి గొడవెందుకని అడగవచ్చు. యుద్ధవిమానం టైరులో గాలి ఒత్తిడి లారీ టైరుకు రెట్టింపు పైమాటే. అడుగు కుంగితే ఎంత మంచి కాంక్రీటైనా విరుగుతుంది. 1971 యుద్ధంలో, డిసెంబరులో, బాంబులకు దెబ్బతిన్న భుజ్ రన్‌వేను మాధాపర్ గ్రామానికి చెందిన సుమారు 300 మంది మహిళలు మూడు రోజుల్లో తిరిగి నిలబెట్టినప్పుడు త్వరగా గట్టిపడే ఈ సిమెంట్లేవీ వారి దగ్గర లేవు.

నంద్యాల, ఆళ్లగడ్డల మీద బాంబులు పడలేదు. కానీ ఈ వాదనకు అంతకన్నా మంచి పరీక్షాస్థలం లేదు. కుందూ లోయలోది నల్లరేగడి: వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పేలుడుకు చెదిరిన రేగడినే గోతిలోకి నెట్టి పైన పలక వేస్తే తొలి వానకే ఆ చోటు కదులుతుంది. దాన్ని పూర్తిగా తోడేసి, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర పొరలు పొరలుగా పోసి రోలరుతో దట్టించాలి. అదృష్టవశాత్తు రాయి దగ్గరే ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి శిలలకు పాణ్యం క్వార్ట్‌జైట్, నంద్యాల షేల్ అని ఇక్కడి ఊళ్ల పేర్లే పెట్టారు. మొదటిది కంకరకు సరిపోతుంది, తడికి విడిపోయే రెండోది పనికిరాదు. అయితే నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా వెళ్లే 40వ జాతీయ రహదారి మీదే, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టుకుని 2021లో ప్రారంభమైన ఓర్వకల్లు విమానాశ్రయం పరిసరాలు రాతి గుట్టలు. ఒకే ఉమ్మడి జిల్లాలో రెండు నేలలకు రెండు మరమ్మతులు కావాలి.

హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ రూపొందించిన 125 కిలోల తరగతి ఆయుధం 100 కిలోమీటర్ల దూరం నుంచి రన్‌వేను గురిచూసి కొట్టగలదు. ఇక మరమ్మతు దేనికన్న ప్రశ్న బలమైనదే. కానీ యుద్ధవిమానానికి రన్‌వే అంతా అక్కర్లేదు, సుమారు 1500 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు పట్టీ చాలు. గురి కుదిరితే గోతుల సంఖ్య పెరుగుతుంది, పూడ్చే పద్ధతి మారదు. కొరిశపాడు దగ్గర 16వ జాతీయ రహదారి మీద వాయుసేన సిద్ధం చేసుకున్న అత్యవసర రన్‌వే ఒక ప్రత్యామ్నాయమే, కానీ అదీ మట్టి మీద వేసినదే.