పునర్నిర్మిత కారు ఇంజను అసలు ఘనపరిమాణం ఎంత? బాల్కొండ పసుపు కళ్లంలో ఒక కొలత

ఫిబ్రవరి మొదలుకొని ఏప్రిల్ దాకా బాల్కొండ, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, ఆర్మూర్ ప్రాంతాల కళ్లాల్లో పసుపు పని ఆగదు. తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం అయ్యాక కొమ్ము పాలిష్ డ్రమ్ములోకి వెళ్తుంది. ఈ డ్రమ్ములు ఎక్కువగా ట్రాక్టరు మీద, కరెంటు మోటారు మీద తిరుగుతాయి. అక్కడక్కడా మాత్రం కాలం చెల్లిన కారు నుంచి విప్పిన డీజిల్ ఇంజనును ఇనుప చట్రం మీద బిగించి, బెల్టు వేసి తిప్పే రైతులు కనబడతారు. అటువంటి ఇంజను ఒకటి మా విద్యార్థి పరిశోధన పట్టికను తలకిందులు చేసింది. సేద్య విజ్ఞానం బోధించేవాడికి సిలిండర్ల లోతులతో ఏమి పని అని సహోద్యోగులు అడిగారు. ఆ పని ఎందుకు పడిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విద్యార్థి తీసుకున్న అంశం పాలిష్‌కు అయ్యే డీజిల్ ఖర్చు. బాల్కొండకు దగ్గరలోని ఒక గ్రామంలో యజమాని తన ఇంజనును ‘అంబాసిడర్ డీజిల్, కొత్తగా పని చేయించింది, స్టాండర్డు బోరు’ అని చెప్పాడు. అమ్మినవారు ఆయనకు అలాగే చెప్పారట. మావాడు పుస్తకం చూసి ‘1995 సీసీ’ అని నమోదు చేశాడు. నిమిషానికి 1500 చుట్ల వద్ద గంటకు 3.2 లీటర్ల డీజిల్ ఖర్చవుతోందని కొలిచాడు. ఆ పరిమాణపు ఇంజనుకు ఇది మూడింట రెండు వంతుల భారం కూడా కాదు కనుక అదే ఇంజనుకు రెండో చిన్న డ్రమ్మును తగిలించవచ్చునని ముసాయిదాలో సిఫారసు రాశాడు. నేను చదివి సంతకం పెట్టాను. యజమాని అప్పటికే రెండో డ్రమ్ముకు ధర కనుక్కొని వచ్చాడు.

పట్టికలో డీజిల్ కొలిచినది, చుట్లు కొలిచినవి, కొమ్ము తూచినది. ఇంజను పరిమాణం ఒక్కటే విన్నది. ఈ తేడా నాకు ఆలస్యంగా తట్టింది. అదృష్టవశాత్తు సీజను చివర హెడ్డు గ్యాస్కెట్టు పోయి మెకానిక్కు హెడ్డు విప్పవలసి వచ్చింది. కొలుచుకుంటామని అడిగితే యజమాని సరేనన్నాడు.

కొలతకు ముందు నిర్వచనం స్పష్టంగా ఉండాలి. సిలిండరులో పిస్టను పై కొస నుంచి కింది కొస వరకు దిగినప్పుడు ఖాళీ అయ్యే చోటు ఆ సిలిండరు స్థానభ్రంశ ఘనపరిమాణం. అన్ని సిలిండర్లదీ కలిపితే ఇంజను ఘనపరిమాణం, వాడుకలో సీసీ. పిస్టను పై కొసన ఉన్నప్పుడు దాని మీద మిగిలే దహన గది ఇందులోకి రాదు. లెక్కకు కావలసినవి మూడే: లోపలి వ్యాసం అంటే బోరు, పిస్టను ప్రయాణం అంటే స్ట్రోకు, సిలిండర్ల సంఖ్య. బోరు వర్గాన్ని 0.7854తో, స్ట్రోకుతో, సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే సరి. కొలతలు సెంటీమీటర్లలో ఉంటే జవాబు సీసీలో వస్తుంది.

‘అంబాసిడర్ డీజిల్’ అన్న మాట ఎందుకు చాలదో ఇక్కడ చెప్పాలి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో 2014 వరకు తయారైన ఆ కారుకు ఒకే డీజిల్ ఇంజను లేదు. బ్రిటిష్ బి.ఎం.సి. నమూనాకు చెందిన పాత డీజిల్ ఇంజను 1489 సీసీ. దాని బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ. ఈ అంకెలు వింతగా కనబడతాయి గాని అంగుళాల్లో చూస్తే రెండు ముప్పాతిక పైన మరో వీసం జత (2⅞), మూడున్నర. 1990లలో వచ్చిన ఇసుజు డీజిల్ 1995 సీసీ. బోరు 84 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ. రెండూ నాలుగు సిలిండర్లవే. స్ట్రోకులో తేడా 1.1 మి.మీ. మాత్రమే. కాబట్టి స్ట్రోకు ఒక్కటే స్థూలంగా కొలిచినవాడికి రెండు ఇంజన్లూ ఒకటిగానే తోస్తాయి. ఐదువందల సీసీల తేడా అంతా బోరులోనే దాగి ఉంది.

కారు రిజిస్ట్రేషను పత్రంలో సీసీ ఉంటుంది కదా అనవచ్చు. అది కర్మాగారం నుంచి బయటికి వచ్చిన బండి సంగతి చెబుతుంది. బండి నుంచి విడిపోయి, రెండు మూడు చేతులు మారి, లేత్ షాపులో బోరింగ్ చేయించుకున్న ఇంజను సంగతి చెప్పదు.

మెకానిక్కు ముందుగా పిస్టన్ల తలల మీది మసిని గీకాడు. ఆ మసి కింద ‘060’ అన్న ముద్ర బయటపడింది. ఆయన గేజీ అందుకోకముందే తీర్పు చెప్పేశాడు: “గిది అరవై సైజు సార్. ఇగ బోరు లేదు, స్లీవులే.” అరవై అంటే అసలు బోరుకు 0.060 అంగుళం, అంటే 1.524 మి.మీ. అదనం. అయినా ముద్రను నమ్మి ఊరుకోవడం మళ్ళీ విన్నదాన్ని రాసుకోవడమే అవుతుంది. పిస్టను వ్యాసం కూడా బోరు వ్యాసం కాదు. రెండింటి మధ్య సందు ఉంటుంది. అందుచేత బోరు గేజీతో నాలుగు సిలిండర్లనూ విడివిడిగా కొలిచాము. ఒక్కో సిలిండరులో పైన, నడుమ, అడుగున, ప్రతిచోటా క్రాంకు వెంబడి ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలత తీశాము. ఒక సిలిండరుకు స్లీవు వేసి మిగిలినవాటిని వదిలేసిన ఇంజన్లు కూడా ఉండవచ్చు కనుక ఒకటి కొలిచి నాలుగుతో గుణించడం పనికిరాదు.

సిలిండరు అంతటా ఒకేలా అరగదు. పై రింగు తిరగబడే చోట, పిస్టను పక్కకు ఒత్తే దిశలో అరుగుదల హెచ్చు. రింగులు తాకని అడుగుభాగంలో లేత్ షాపు చేసిన బోరు దాదాపు అలాగే మిగిలి ఉంటుంది. మాకు అడుగున నాలుగింటిలోనూ 74.55 మి.మీ. వచ్చింది. పైన అంతకన్నా 0.15 మి.మీ. దాకా ఎక్కువ. విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు సిలిండరు మూతి దగ్గరే వెర్నియరు పెట్టి కొలవడం. అక్కడ రింగులు చేరని అంచు, దాని మీద గట్టిపడిన మసి ఉంటాయి. స్ట్రోకుకు డెప్తు గేజీని దిమ్మె పైతలం మీద నిలబెట్టి, పిస్టను రెండు కొసల్లోనూ లోతు చూసి తీసివేశాము, 88.9 మి.మీ.

7.455 వర్గం 55.577. దాన్ని 0.7854తోను, 8.89తోను, నాలుగుతోను గుణిస్తే 1552 సీసీ. పట్టికలో ఉన్న 1995 కన్నా ఇది 443 తక్కువ. అసలు 1489 కన్నా 63 ఎక్కువ.

బోరు కొలతలో 0.1 మి.మీ. తప్పితే, వర్గం చేస్తాం కనుక ఆ తప్పు రెట్టింపై ఈ ఇంజనులో దాదాపు నాలుగు సీసీల తేడా వస్తుంది. స్ట్రోకులో అంతే తప్పితే రెండు సీసీలకు లోపే. కాబట్టి ఖరీదైన జాగ్రత్త అంతా బోరు దగ్గర పెట్టాలి.

మరమ్మతులో చేసే చాలా పనులు సీసీని మార్చవన్న సంగతి కూడా గుర్తుండాలి. క్రాంకు గ్రైండింగ్ చేయించి పలచబడ్డ జర్నలుకు దళసరి బేరింగులు వేస్తే స్ట్రోకు తగ్గిందనుకునేవారు ఉన్నారు. స్ట్రోకు అంటే క్రాంకు మధ్య అక్షానికి, పిన్ను మధ్య బిందువుకు నడుమ ఉన్న దూరానికి రెట్టింపు. కేంద్రం జరపకుండా చుట్టూ సమానంగా అరగదీసినంత కాలం అది మారదు. హెడ్డును చెక్కినా, గ్యాస్కెట్టు మందం మార్చినా మారేది సంపీడన నిష్పత్తి, సీసీ కాదు.

ఇక ఆ 63 సీసీల సంగతి. నాలుగు శాతం బలం పెరిగిందని యజమాని కాసేపు సంతోషించాడు. నాకు మాత్రం అది గోడల నుంచి పోయిన ఇనుముగా కనబడింది. స్టాండర్డు బోరుతో ఉన్న ఇంజను అరిగితే ఇరవై, నలభై, అరవై సైజులకు వరుసగా బోరు కొట్టించుకోవచ్చు. యజమాని చేతిలో మూడు అవకాశాలు ఉన్నట్టు. ఈ ఇంజనులో ఆ మూడూ ఎవరో వాడేసుకున్నారు. స్టాండర్డు బోరు ధర పెట్టి ఆయన కొన్నది చివరి బోరు. సీసీ కొలత వల్ల ఆయనకు తెలిసిన అసలు విషయం ఇదే. ఇంజను గతం గురించి అమ్మకందారు చెప్పనిది బోరు గేజీ చెప్పింది.

మా పట్టికకు జరిగిన నష్టం వేరు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది. నిమిషానికి 1500 చుట్ల వద్ద అది 750 సార్లు. నిజంగా లోపలికి చేరేది అందులో 85 శాతమని, మార్చి ఎండలో ఘనపు మీటరు గాలి బరువు 1.1 కిలో అని, పొగ కమ్మకుండా కిలో డీజిల్ కాలడానికి 20 కిలోల గాలి కావాలని స్థూలంగా అనుకుందాం. టర్బో లేని 1995 సీసీ ఇంజను ఆ వేగంలో గంటకు సుమారు ఐదు లీటర్లు కాల్చగలదు. 1552 సీసీ ఇంజను నాలుగు లీటర్లకు కాస్త లోపే. మావాడు కొలిచిన 3.2 లీటర్లు మొదటి లెక్కన పరిమితిలో 63 శాతం. రెండో లెక్కన 81 శాతం. ఎండాకాలం మధ్యాహ్నం గంటల తరబడి 81 శాతం మీద నడిచే అరిగిన ఇంజనుకు రెండో డ్రమ్ము తగిలించమని మేము రాసిపెట్టాము. గ్యాస్కెట్టు ఆ సీజనులోనే పోయింది కనుక సరిపోయింది.

ఈ గాలి లెక్క విస్తరణ శాస్త్రజ్ఞులకు ఇంజన్ల కోసమే గాక, రైతు చెప్పిన డీజిల్ అంకెలను సరిచూసుకోవడానికి కూడా పనికివస్తుంది. అదే ఇంజను 1500 చుట్ల మీద గంటకు ఆరు లీటర్లు తాగుతోందని ఎవరైనా చెబితే చుట్ల లెక్కయినా, డీజిల్ కొలతయినా, సీసీ అయినా తప్పి ఉండాలి. లేదా నల్లటి పొగ కమ్ముతూ ఉండాలి.

హెడ్డు విప్పే అవకాశం ప్రతిసారీ దొరకదు. పెట్రోలు ఇంజనుకైతే స్పార్కు ప్లగ్గు రంధ్రం ఉంది. దానిలోంచి సన్నని కడ్డీ దింపి స్ట్రోకు చూడవచ్చు గాని రంధ్రం ఏటవాలుగా ఉంటే కొలత పెరుగుతుంది. 15 డిగ్రీల వాలు 88.9ని 92గా చూపిస్తుంది. వచ్చిన కొలతను వాలు కోణపు కొసైనుతో గుణించి సరిదిద్దాలి. ఇంతకన్నా నేరైన పద్ధతి నూనె పోయడం. రాకర్లను వదులు చేసి వాల్వులు రెండూ మూసి, ప్లగ్గు రంధ్రం అన్నిటికన్నా ఎత్తులో ఉండేలా ఇంజనును వంచి, పిస్టను పై కొసన ఉన్నప్పుడు ఒకసారి, కింది కొసన ఉన్నప్పుడు ఒకసారి బ్యూరెట్టుతో నూనె నింపాలి. రెండింటి తేడాయే ఆ సిలిండరు ఘనపరిమాణం. 68 మి.మీ. బోరు, 75 మి.మీ. స్ట్రోకు ఉన్న ప్రీమియర్ పద్మిని 1089 సీసీ ఇంజనులో అది 272 మిల్లీలీటర్లు రావాలి. రింగుల పక్కనుంచి నూనె జారుతుంది కనుక పని త్వరగా ముగించాలి. కొలిచాక నూనెను పూర్తిగా తోడేయకుండా ఇంజను తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది; విద్యార్థులకు ఈ హెచ్చరిక ముందే చెప్పాలి.

మా డీజిల్ ఇంజనులో ఈ దారి లేదు. ఇంజెక్టరు రంధ్రం పక్కగదిలోకి తెరుచుకుంటుంది. కడ్డీ పిస్టను దాకా పోదు. పైగా సంపీడన నిష్పత్తి 22 అనుకుంటే పై కొసన మిగిలే చోటు సిలిండరుకు 18 మిల్లీలీటర్లే. ఆ ఇరుకు వంకరల్లో చిక్కుకున్న గాలి బుడగ ఏ కొలతనైనా పాడుచేస్తుంది. అందుకే డీజిల్ ఇంజను విషయంలో హెడ్డు విప్పే రోజు కోసం కాచుకొని ఉండమంటాను.

ట్రాక్టర్ల మీద పనిచేసేవారికి కూడా ఇది పరాయి సమస్య కాదు. మన గ్రామాల్లో పాతవారందరికీ తెలిసిన బి-275 వంశపు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఇంజన్ల పేర్లలో 144, 154 అంకెలు కనబడతాయి. అవి ఘనపు అంగుళాల్లో వాటి పరిమాణాలు. రెండింటికీ స్ట్రోకు నాలుగు అంగుళాలే. బోరు మూడుంపావు పైన అర పావు (3⅜) అయితే 144. మూడున్నర అయితే 154, అంటే మన లెక్కలో 2523 సీసీ. పైనుంచి చూస్తే తేడా పోల్చడం కష్టం. పుస్తకంలో ‘పాత మహీంద్రా’ అని రాసుకుంటే ఏది అన్నది తేలదు.

ముసాయిదాలో రెండో డ్రమ్ము సిఫారసు కొట్టివేశాము. ఇంజను వివరాల గడిని రెండుగా విడదీసి, ‘యజమాని చెప్పినది’, ‘కొలిచినది’ అని పేర్లు పెట్టాము. కొలవని చోట రెండో గడి ఖాళీగానే ఉంచాము. పట్టికలో అటువంటి ఖాళీలు నేను అనుకున్నదానికన్నా ఎక్కువే తేలాయి. యజమాని డ్రమ్ముకు దాచిన డబ్బులో కొంత పెట్టి నాలుగు సిలిండర్లకూ స్లీవులు వేయించి, స్టాండర్డు పిస్టన్లు ఎక్కించాడు. హెడ్డు మూయకముందే విద్యార్థి మళ్ళీ వెళ్ళి గేజీ పెట్టాడు. నాలుగింటిలోనూ 73.03 వచ్చింది, 1489 సీసీ అని, కింద తేదీ వేసి రాసుకొచ్చాడు.