వేఱు ఓటు వలదన్న బిషప్పు

క్రైస్తవులు తమ ప్రతినిధులను వేఱుగా నెన్నుకొనవలెనని 1932లో బ్రిటిషు ప్రభుత్వము నిర్ణయించినది. భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పైన డోర్నకలు అజరయ్యగారు దాని నెదిరించిరి. వారి సంఘములోఁ బెక్కుమంది పల్లెలలోని మాలమాదిగలు. బలవంతుల నడుమఁ దమ మాట యెవరు విందురను భయము తేలికగాఁ దీసివేయఁదగినది కాదు. అయినను వారి బోధలో సంఘమునకు ఆధారము పుట్టుక కాదు, విశ్వాసము. ప్రభువు బల్లయొద్ద మాలయు మాదిగయు నొక్క రొట్టెనే పంచుకొనవలెను. ఓటు కొఱకు దానిచుట్టు గోడ కట్టినచో సంఘమును మఱియొక కులమే యగును; బాప్తిస్మము సయితము ఓట్ల లెక్కగాఁ గనఁబడునుగదా! వారి మాట చెల్లలేదు. 1935 చట్టము క్రైస్తవులకుఁ బ్రత్యేక నియోజకవర్గముల నిచ్చెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము వానిని తొలఁగించినది. 1945 జనవరి 1న మరణించిన అజరయ్యగారు దానిని చూడలేదు.