దోర్నకల్ గుంబజులు

గుంటూరు, ఒంగోలు మైదానాలలో ప్రొటెస్టెంటు చర్చి అంటే ఎక్కువగా లూథరన్ లేదా బాప్టిస్టు చర్చియే. ఇంగ్లండు నుండి వచ్చిన ఆంగ్లికన్ శాఖ కృష్ణకు ఆవల, మచిలీపట్నం మొదలు నైజాం రాజ్యంలోని దోర్నకల్ వరకు వేళ్లూనింది. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వి. ఎస్. అజరయ్య తమిళుడు, ఆంగ్లికన్ శాఖలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు.

1939లో ప్రతిష్ఠింపబడిన అక్కడి కేథడ్రల్‌ను దూరం నుండి చూసిన ముస్లిం మసీదని భ్రమపడితే ఆశ్చర్యం లేదు. గుంబజులు, మీనార్లు ఇస్లామీయ శైలివి. స్తంభాలు దేవాలయ రీతివి. ఆరాధన ఈ నేల రూపు ధరించాలని అజరయ్య పట్టుదల.

అయితే గుంబజుల కంటే గమనార్హమైనది పల్లె ఆరాధన. సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. పరస్పరం అంటు పాటించిన ఆ రెండు కులాలను ఒకే ప్రభువు బల్ల వద్దకు చేర్చడం సులభం కాలేదు. పూర్తిగా సాధ్యపడిందనీ చెప్పలేము. వంటకు ముందు ఇల్లాలు పిడికెడు బియ్యం చర్చికై తీసి ఉంచేది. పంటల పండుగకు ధాన్యం, కాయగూరలు, కోళ్లు తెచ్చి వేలం వేసేవారు. ఉష్ర్ గుర్తుకు రాక మానదు. కాని ఉష్ర్ పొలం పంటపై విధి. ఇక్కడ ఇచ్చేవారిలో చాలామందికి పొలమే లేదు.

1947 సెప్టెంబరు 27న ఈ శాఖ దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది. గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు మాత్రం కలవలేదు.