సీసాలో మిగిలిన 1961

1961 ఆగస్టు 18, తెల్లవారుజాము. కాలిఫోర్నియా తీరంలోని కాపిటోలా ఊళ్లో జనం ఇళ్ల మీద ధబధబా ఏవో పడుతున్న చప్పుడుకి ఉలిక్కిపడి లేచారు. టార్చిలైట్లు పట్టుకుని బయటికొస్తే, ఆ వెలుతురు కేసి పక్షులు దూసుకొచ్చాయి. తెల్లారేసరికి వీధుల నిండా సూటీ షియర్‌వాటర్‌ పక్షులే. కొన్ని చచ్చిపడి ఉన్నాయి, కొన్ని కొట్టుకుంటున్నాయి. అవి కక్కిన చేపల కంపు ఊరంతా కమ్మేసింది.

ఆ దగ్గర్లోనే ఇల్లున్న దర్శకుడు ఆల్ఫ్రెడ్‌ హిచ్‌కాక్‌ ఆ వార్త వచ్చిన పత్రికను తెప్పించుకున్నాడు. 1963లో ‘ది బర్డ్స్‌’ విడుదలైంది. సినిమా చూసి లోకం జడుసుకుంది కానీ, ఆ పక్షులకు ఏమైందో ఎవరికీ అంతుపట్టలేదు. పొగమంచులో దారి తప్పి ఉంటాయని సరిపెట్టుకున్నారు.

జవాబు జాడ పాతికేళ్ల తర్వాత, ఖండానికి అవతలి ఒడ్డున దొరికింది. 1987 చివర్లో కెనడాలోని ప్రిన్స్‌ ఎడ్వర్డ్‌ దీవి నుంచి వచ్చిన ఆల్చిప్పల మాంసం తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు. ముగ్గురు చనిపోయారు. బతికినవాళ్లలో కొందరికి జ్ఞాపకశక్తి తిరిగి రాలేదు. విషం పేరు డొమోయిక్‌ ఆమ్లం. జపాన్‌లో కడుపులోని పురుగులు పోవడానికి వాడిన ‘డోమోయి’ అనే ఎర్ర నాచు నుంచి వచ్చిన పేరది. అక్కడ మందుగా పనిచేసిన పదార్థమే ఇక్కడ ప్రాణం తీసింది. దాన్ని తయారుచేసింది మాత్రం ఆ నాచు కాదు, సూడోనిట్జ్‌షియా అనే సూక్ష్మజీవి. సూదుల్లాంటి కణాలు కొసకు కొస ఆనించుకుని గొలుసులుగా తేలే డయాటం అది.

వసంతంలో వీచే గాలులు పైనీటిని తీరం నుంచి అవతలికి నెడితే, అడుగు నుంచి చల్లటి, ఎరువు లాంటి పోషకాలున్న నీళ్లు పైకొస్తాయి. వాటితో డయాటమ్‌లు విరగబడి పెరుగుతాయి. వాటిని నెత్తళ్లు మింగుతాయి. విషం చేప పొట్టలో చేరుతుంది గానీ చేప చావదు. ఆ చేపను తిన్న పక్షికి, సీ లయన్‌కి మెదడులోని నాడీకణాలు అదుపు తప్పి ఉద్రేకించి, మూర్ఛలు వస్తాయి. వండినా ఈ విషం విరగదు.

1991లో, కాపిటోలా ఉన్న మాంటెరే అఖాతంలోనే పెలికాన్లు, కార్మొరాంట్లు ఇలాగే చచ్చిపోయాయి. ఈసారి విషాన్ని గుర్తించారు. 1998లో అదే తీరంలో నాలుగు వందలకు పైగా సీ లయన్లు పోయాయి. మరి 1961 మాటేమిటి? అదృష్టవశాత్తూ ఆ వేసవిలో సేకరించిన జంతుప్లవకాల (నీటిలో తేలే చిన్న జీవుల) నమూనాలను ఎవరూ పారబోయలేదు. లూసియానా స్టేట్‌ యూనివర్సిటీకి చెందిన సిబెల్‌ బార్గు బృందం వాటిని పరీక్షించింది. ఆ ప్లవకాలు మింగిన ఆహారంలో సూడోనిట్జ్‌షియా పుష్కలంగా కనిపించింది. 2012 ఆరంభంలో ఆ ఫలితం ప్రచురితమయ్యేసరికి యాభై ఏళ్లు దాటాయి. హిచ్‌కాక్‌ సినిమా వెనకున్న హంతకి దొరికిందన్నమాట!

ఇలాంటి నమూనాలు లేకపోతే సముద్రం గురించి ఏం మాట్లాడినా ఊహే. 2015లో కాలిఫోర్నియా నుంచి అలాస్కా దాకా నీళ్లు వేడెక్కినప్పుడు, ఆ తీరంలో ఎన్నడూ నమోదుకానంతగా ఈ విషపు డయాటమ్‌లు విస్తరించాయి. నవంబరులో మొదలుకావలసిన డంజినెస్‌ పీతల వాణిజ్య వేట కాలిఫోర్నియాలో 2016 మార్చి దాకా ఆగింది. ఒరెగాన్‌ తీరంలో ఇరవై ఏళ్ల లెక్కలు చూస్తే, పసిఫిక్‌ వేడెక్కిన దశల్లోనే ఈ విషం పెరుగుతూ వచ్చిందని తేలింది. మిసిసిపీ నది సముద్రంలో కలిసేచోట బురద పొరల్లో చూసినప్పుడు కథ ఇంకోలా ఉంది. అక్కడ 1950ల తర్వాతి పొరల్లో సూడోనిట్జ్‌షియా అవశేషాలు పెరిగాయి. పొలాల ఎరువుల నైట్రేటు నదిలో పెరిగిన కాలం అదే.

అయితే ప్రపంచమంతటా ఇలాంటి హానికర సూక్ష్మ నాచుల విస్తరణ పెరుగుతోందా? 1985 నుంచి 2018 దాకా నమోదైన 9,503 ఘటనలను కలిపి చూసిన 2021 అధ్యయనం అవునని చెప్పలేదు. కొన్నిచోట్ల పెరిగింది, కొన్నిచోట్ల తగ్గింది. వెతికేవాళ్లు పెరిగినచోట లెక్కా పెరిగింది. భయపెట్టే శీర్షికల కన్నా ఈ నిజాయతీ విలువైనది.

మన దేశానికీ ఇది పరాయి సంగతి కాదు. 1997లో కేరళలోని విజింజంలో ఆల్చిప్పలు తిని ఏడుగురు చనిపోయారు. అక్కడ మరో విషం. ఈరోజు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌ ఉపగ్రహ చిత్రాలతో గోపాల్‌పూర్, కేరళ, మన్నార్‌ వంటి తీరాల్లో నాచు విస్తరణను గమనించి సమాచారమిస్తోంది. కానీ ఉపగ్రహానికి కనిపించేది నీటి రంగే. అందులో విషముందో లేదో తెలియాలంటే నీళ్లు తోడాల్సిందే. కాపిటోలాకు కొద్ది మైళ్ల దూరంలోని శాంతాక్రూజ్‌ రేవు వంతెన మీద ఇప్పుడు ఆ పని ఏళ్ల తరబడి వారంవారం జరుగుతోంది.